ఏడు గంటల రిజిస్టరు

మా ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీ గదిలో రెండు రిజిస్టర్లు వుండేవి. నీలం అట్టది అందరికీ. ఎర్ర అట్టది ఆడవాళ్ళకి మాత్రమే. సాయంత్రం ఏడు లోపల మేం బయటికి వెళ్ళిపోయినట్టు అందులో టైము వేసి సంతకం పెట్టాలి. ఆరూ నలభై అయ్యేసరికి సెక్యూరిటీ అతను ల్యాబుకి ఫోన్ చేసి, "మేడమ్, ఇంకా ఇద్దరు మిగిలారు" అనేవాడు. ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు ఎప్పుడొచ్చి ఆ రిజిస్టరు అడుగుతాడో తెలీదు. అతని భయం అతనిది. ఆ ఇద్దరిలో ఒకదాన్ని ఎప్పుడూ నేనే. పన్నెండేళ్ళు ఆ రిజిస్టర్లో సంతకం పెట్టాను.

1989లో ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ అయి, జీడిమెట్లలో ఒక బల్క్ డ్రగ్ కంపెనీ ఆర్ అండ్ డి లో చేరాను. పధ్నాలుగు మంది కెమిస్టుల్లో ఇద్దరం ఆడవాళ్ళం. కింది అంతస్తులో క్వాలిటీ కంట్రోల్‌లో మాత్రం ఎనిమిది మంది వుండేవాళ్ళు. మందుల కంపెనీలో పరిశోధన అంటే తెల్ల కోటు వేసుకుని నీడ పట్టున కూర్చుని చేసే పని అని మా నాన్న నమ్మకం. అందుకే పంపించాడు. ఆడపిల్లకి లెక్చరర్ వుద్యోగం తర్వాత అంత గౌరవమైనది ఇదేనని పెళ్ళి సంబంధాలవాళ్ళకి చెప్పుకునేవాడు.

పరిశ్రమలో పరిశోధన ఎలా వుంటుందో బయటివాళ్ళకి సరిగా తెలీదు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. మన దేశంలో 1970 పేటెంట్ల చట్టం మందుల విషయంలో తయారుచేసే పద్ధతికే పేటెంటు ఇచ్చేది, మందుకి కాదు. 2005 దాకా అదే నడిచింది. కాబట్టి మన కంపెనీల్లో పరిశోధన అంటే కొత్త మందు కనిపెట్టడం కాదు. ఎవరో కనిపెట్టిన మందుకి కొత్త దారి, తక్కువ ఖర్చు దారి వెతకడం. ఐదు మెట్లలో అయ్యేదాన్ని మూడింటికి తేవడం, ఖరీదైన సాల్వెంటు తీసేసి చవకది పెట్టడం, నూటికి యాభై వచ్చే యీల్డుని డెబ్భై చెయ్యడం. హైదరాబాదు చుట్టూ ఇన్ని బల్క్ డ్రగ్ కంపెనీలు లేచాయంటే ఐడీపీఎల్‌లో పని నేర్చుకుని బయటికొచ్చినవాళ్ళు ఎంత కారణమో ఈ చట్టం కూడా అంత కారణం.

అలాంటి పరిశోధన ఫ్లాస్కులో సగమే అవుతుంది. రెండు లీటర్ల గాజు ఫ్లాస్కుని మంచు నీళ్ళలో పెడితే నిమిషాల్లో చల్లబడుతుంది. అదే ద్రవం 630 లీటర్ల గ్లాస్ లైన్డ్ రియాక్టర్లో గంటలు తీసుకుంటుంది. ఆ గంటల్లో ఏమైనా కావచ్చు. పొడిగా రావలసింది జిగురుగా రావచ్చు, లేని మలినం పుట్టొచ్చు. ఆ తేడాని కనిపెట్టి సరిచెయ్యడమే అసలు పరిశోధన. అది జరిగేది పైలట్ ప్లాంటులో. పొద్దున్న తొమ్మిదికి రియాక్టర్ ఛార్జ్ చేస్తే రియాక్షన్ ఎనిమిది గంటలు, తర్వాత నీళ్ళతో కడగడం, సాల్వెంటు డిస్టిల్ చెయ్యడం, చివరికి చల్లబరచడం. స్ఫటికాలు కట్టే వేళకి రాత్రి పదో పదకొండో అవుతుంది. ఎవరూ కుట్ర చేసి అలా పెట్టలేదు. బ్యాచ్ గడియారం అంతే. ఆ గడియారం ముల్లు కీలకమైన చోటికి వచ్చేటప్పటికి నేను కూకట్‌పల్లిలో అద్దెగదిలో అన్నం వండుకుంటూ వుండేదాన్ని.

1993లో ఒక రాత్రి. అంతకు ముందు ఏడాదిన్నర నేను కుస్తీపట్టిన ప్రాసెస్ అది. మొదటి ప్లాంట్ ట్రయల్. సాయంత్రం ఆరున్నరకి డిస్టిలేషన్ మొదలైంది. ఇంక ఆగడానికి లేదు. నాకంటే రెండేళ్ళు జూనియర్ అయిన అబ్బాయికి అన్నీ చెప్పి, కాగితం మీద రాసిచ్చి, ఎర్ర రిజిస్టర్లో సంతకం పెట్టి వచ్చేశాను. పదకొండింటికి కింద ఇంటి ఓనరు తలుపు కొట్టాడు. ఫోను. "ఈ వేళప్పుడు మగవాళ్ళ ఫోన్లేంటమ్మా" అంటూనే రిసీవరు చేతికిచ్చాడు. అవతల ఆ అబ్బాయి గొంతు వణుకుతోంది. "మేడమ్, ఆయిల్ అయిపోయింది." పొడిగా విడిపోవలసింది నూనెలా అడుగుకి దిగింది. అలాగే వదిలేస్తే అది గడ్డకట్టి రియాక్టర్ లోపలే బండరాయి అవుతుంది.

నేను కళ్ళు మూసుకుని అడిగాను. టెంపరేచర్ ఎంత, జాకెట్లో ఏం తిరుగుతోంది, సైట్ గ్లాసులోంచి చూస్తే తేటగా వుందా మబ్బుగా వుందా. మళ్ళీ యాభై అయిదుకి వేడిచేసి అంతా కరగనివ్వమన్నాను. ఆర్ అండ్ డి లో రెండో షెల్ఫు మీద డెసికేటర్లో ఒక చిన్న గాజు సీసా వుంటుంది, అందులో సీడ్ దాచాను, తెచ్చుకోమన్నాను. గంటకి అయిదు డిగ్రీల చొప్పున దించుతూ, మొదటి మబ్బు కనిపించగానే ఆ సీడ్ వెయ్యమన్నాను. ఒంటిగంటకి మళ్ళీ ఫోను. మూడింటికి మళ్ళీ. ఇంటి ఓనరు వరండాలో మంచం వాల్చుకుని మేలుకునే వున్నాడు, నా మాటలు వింటూ. పొద్దున్న ఎనిమిదింటికి నేను వెళ్ళేసరికి సెంట్రిఫ్యూజ్ బ్యాగులో మల్లెపూల్లాంటి పొడి.

నెల తర్వాత రిపోర్టు వచ్చింది. ట్రయల్ చేసినవారు అన్నచోట షిఫ్ట్ ఇన్‌ఛార్జి పేరు, ఆ అబ్బాయి పేరు. ఏడాది తర్వాత పేటెంటు దరఖాస్తు పెట్టారు. కనిపెట్టినవారు ముగ్గురు. నేను లేను. మా మేనేజరు చెడ్డవాడేం కాదు, నన్ను కూచోబెట్టి టీ తెప్పించి మరీ చెప్పాడు. "ల్యాబులో నువ్వు చేశావు, కాదనను. కానీ క్లెయిమ్ అంతా ఆ కూలింగ్, సీడింగ్ మీద వుంది. అది జరిగినప్పుడు నువ్వు అక్కడ లేవు కదమ్మా."

నేను అక్కడ లేను. నిజమే. ఆ మాటకి జవాబు వెతుక్కోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. గ్రూప్ లీడర్ పోస్టు వచ్చిన రెండుసార్లూ నాకు చెప్పిన కారణం కూడా అదే, కాకపోతే వేరే మాటల్లో: "ప్లాంట్ ఎక్స్‌పోజర్ లేదు."

పర్సనల్ డిపార్ట్‌మెంటుకి వెళ్ళి ఆ రూలేదో చూపించమన్నాను. చూపించారు. 1948 ఫ్యాక్టరీల చట్టం, 66వ సెక్షన్. పొద్దున్న ఆరు నుంచి సాయంత్రం ఏడు మధ్య తప్ప ఏ ఫ్యాక్టరీలోనూ స్త్రీని పనిలో వుంచకూడదు. రాష్ట్ర ప్రభుత్వం ఆ గంటలు మార్చుకోవచ్చు గానీ రాత్రి పదికీ తెల్లవారుజాము అయిదుకీ మధ్య మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వీల్లేదు. సూపర్‌వైజర్లకీ మేనేజర్లకీ పని గంటల నిబంధనల నుంచి 64వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. ఈ ఒక్క రాత్రి నిబంధన నుంచి తప్ప! అంటే ఆడది మేనేజరయినా సరే, రాత్రికి ఆడదే.

ఇది మనవాళ్ళ బుర్రలో పుట్టింది కాదని తర్వాత తెలిసింది. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ వాషింగ్టన్‌లో మొదటిసారి కూర్చున్నప్పుడు చేసిన తొలి ఒప్పందాల్లో స్త్రీల రాత్రిపని నిషేధం ఒకటి. బట్టల మిల్లుల్లో పగలంతా, రాత్రంతా మరమగ్గాల దగ్గర అరిగిపోతున్న ఆడవాళ్ళని చూసి చేసినది. వాళ్ళ వుద్దేశాన్ని నేను వెక్కిరించను. అయితే అప్పటికే కొద్దిమంది ఆడవాళ్ళు ఇంజనీర్లవుతున్నారు. విద్యుత్ కేంద్రాల్లో పర్యవేక్షణ వుద్యోగాలకి వస్తున్నారు. ఈ నిషేధం వాళ్ళకీ వర్తిస్తుందా అన్న ప్రశ్న 1932లో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం దాకా వెళ్ళింది. ఆరుగురు న్యాయమూర్తులు వర్తిస్తుందన్నారు, అయిదుగురు కాదన్నారు. ఒక్క ఓటు! ఆ తీర్పు వల్ల వచ్చిన చిక్కు తీర్చడానికి 1934లో ఒప్పందాన్ని సవరించి, బాధ్యతగల వుద్యోగాల్లో వుండి చేతిపని చెయ్యని స్త్రీలని మినహాయించారు. 1948లో మళ్ళీ సవరించినప్పుడు సాంకేతిక వుద్యోగాల మాట కూడా చేర్చారు. అదే 1948లో మన చట్టం తయారయింది. ఆ మినహాయింపు మాత్రం మన చట్టంలోకి రాలేదు. ఎందుకు రాలేదో ఆలోచిస్తే నాకొకటే తోస్తుంది. రాత్రిపూట ఫ్యాక్టరీలో పరిశోధన చేసే ఆడమనిషి ఒకతి వుంటుందని రాసినవాళ్ళ వూహకి అందివుండదు.

అప్పటినుంచీ ఏ దేశంలో స్త్రీలు పారిశ్రామిక పరిశోధన ఎలా చేశారని కనబడిందల్లా చదవడం మొదలుపెట్టాను. అందరూ వాళ్ళు ఏం కనిపెట్టారో రాస్తారు. నేను మాత్రం వాళ్ళని ఏ గుమ్మం దగ్గర ఆపారో వెతికేదాన్ని.

అమెరికాలో ప్యాట్సీ షెర్మన్ అనే ఆమె 1952లో 3ఎం కంపెనీలో కెమిస్టుగా చేరింది. జెట్ విమానాల ఇంధన గొట్టాలకి పనికొచ్చే రబ్బరు మీద పని. 1953లో ఒకరోజు ల్యాబులో ఒక మిశ్రమం చుక్కలు అసిస్టెంటు కాన్వాసు బూటు మీద పడ్డాయి. ఎంత కడిగినా పోలేదు సరికదా, బూటంతా మురికి పట్టినా ఆ చుక్కలు పడ్డచోటు తెల్లగానే వుండిపోయింది. ఆమె, ఆమె సహచరుడు శామ్యూల్ స్మిత్ కలిసి దాన్నుంచి బట్టలకి మరక అంటకుండా చేసే స్కాచ్‌గార్డ్ తయారుచేశారు. దాన్ని బట్టల మిల్లులో పరీక్షించవలసి వచ్చింది. ఆ రోజుల్లో ఆ మిల్లు లోపలికి ఆడవాళ్ళని రానివ్వరు. తను తయారుచేసిన పదార్థం లోపల ఎలా పనిచేస్తోందో తెలుసుకోడానికి షెర్మన్ బయట నిలబడి ఎదురుచూసింది. ఇది చదివిన రోజు నాకు ఇంటి ఓనరు వరండా గుర్తొచ్చింది. (ఆ స్కాచ్‌గార్డ్‌లోని రసాయనం నేలలోంచీ రక్తంలోంచీ పోకుండా పేరుకుపోతోందని 2000లో కంపెనీయే దాన్ని ఆపెయ్యవలసి వచ్చింది. మా పరిశ్రమలో ఏ కథా పూర్తిగా సంతోషంగా ముగియదు. పటాన్‌చెరు చెరువులు చూసినవాళ్ళకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు.)

షెర్మన్ పేరు పేటెంటు మీద వుంది. అది నాకు సంతోషం, కొంచెం అసూయ కూడా.

డ్యూపాంట్‌లో స్టెఫనీ క్వోలెక్‌ది ఇంకో రకం గుమ్మం. 1965లో ఆమె తయారుచేసిన పాలిమర్ ద్రావణం పల్చగా, మబ్బుగా వచ్చింది. అందరూ పారబోసే రకం. దారం తీసే యంత్రం నడిపే అతను దీన్ని నా యంత్రంలో పొయ్యను, సన్న రంధ్రాలు పూడుకుపోతాయి అన్నాడు. ఆమె బతిమాలి, వాదించి ఒప్పించింది. వచ్చిన దారమే తర్వాత కెవ్లార్ అయింది, తుపాకీ గుండుని ఆపే కోట్లు దాంతోనే చేస్తారు. అతను ఆ రోజు ఖచ్చితంగా కాదనివుంటే? పెద్ద పేరున్న ల్యాబులో కూడా యంత్రం తాళంచెవి ఎవరి దగ్గరుందో చూసుకోవాలి.

2004లో కంపెనీ నన్ను టెక్నాలజీ ట్రాన్స్‌ఫర్ పని మీద రెండు వారాలు జర్మనీ పంపింది. (ఆ పాటికి కంపెనీ మారాను.) అక్కడ నాతో పనిచేసిన కెమిస్టుకి యాభై అయిదేళ్ళు వుంటాయి. మా ఎర్ర రిజిస్టరు సంగతి చెప్తే ఆవిడ ఆశ్చర్యపోలేదు. జర్మనీలోనూ రాత్రిపని నిషేధం వుండేదట, 1992లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. అయితే అక్కడ అది కార్మిక స్త్రీలకి మాత్రమే, వుద్యోగినులకి లేదు. తను కెమిస్టు కాబట్టి రాత్రి ప్లాంటులో వుండటానికి అడ్డేం లేదు. "నన్నాపిన గడియారం వేరు. నీది సాయంత్రం ఏడు. నాది మధ్యాహ్నం పన్నెండున్నర" అంది.

పన్నెండున్నరేమిటంటే, పశ్చిమ జర్మనీలో బళ్ళు మధ్యాహ్నానికి వదిలేసేవాళ్ళు. పిల్లలు అన్నానికి ఇంటికొస్తారు. ఆ వేళకి ఇంట్లో తల్లి వుండాలి. 1977 దాకా అక్కడి చట్టమే చెప్పేది, భార్య ఇంటి బాధ్యతలకి భంగం రానంతవరకే వుద్యోగం చెయ్యొచ్చని. పిల్లల్ని వదిలి పనికి పోయే తల్లిని తిట్టడానికి వాళ్ళ భాషలో ప్రత్యేకంగా ఒక మాటుంది, ‘రాబెన్‌ముట్టర్’. బొంతకాకి తల్లి. నాకు నవ్వొచ్చింది. మా భాషలో కాకి పిల్ల కాకికి ముద్దు, అంటూ చెప్పాను. ఆవిడ చాలాసేపు నవ్వి, మీ కాకులు మంచివి అంది. పక్క బల్ల దగ్గర తూర్పు జర్మనీ నుంచి వచ్చిన చిన్నావిడ మాత్రం నవ్వలేదు. వాళ్ళమ్మ కెమికల్ ఫ్యాక్టరీలో ఇంజనీరు, ఈ అమ్మాయి నెలల పిల్లగా వున్నప్పట్నించీ శిశుగృహంలో పెరిగింది. "మా అమ్మని ఎవరూ కాకి అనలేదు. గోడ కూలాక ఇటొచ్చి విన్నాను ఆ మాట" అంది.

అప్పుడే ఆవిడ నాకు యూరోపియన్ కమిషన్ వేసిన నిపుణుల బృందం రిపోర్టు చూపించింది. 2003లో వచ్చింది. బేయర్‌లో పరిశోధన నడిపిన హెల్గా రూబ్సామెన్-వైగ్మన్ దానికి అధ్యక్షురాలు. యూరప్ పరిశ్రమల్లోని పరిశోధకుల్లో స్త్రీలు నూటికి పదిహేను మంది. జర్మనీ, ఆస్ట్రియాల్లో పదిలో ఒకరు. ఆ తర్వాత ఆ లెక్కలు గమనిస్తూ వచ్చాను. 2018కి యూరప్ కంపెనీల్లో అది 21 శాతానికి దగ్గరగా వచ్చింది. పదిహేనేళ్ళలో ఆరు! జపాన్‌లో స్త్రీల రాత్రిపని మీద ఆంక్షలు 1999లో ఎత్తేశారు. అక్కడ అన్ని రంగాల పరిశోధకుల్లోనూ కలిపి చూసినా స్త్రీలు ఇప్పటికీ అయిదో వంతుకి రాలేదు. లాత్వియా, బల్గేరియాల్లో మాత్రం పరిశోధకుల్లో సగానికి దగ్గరగా స్త్రీలే. మొదట చూసి సంబరపడ్డాను. తర్వాత అర్థమయింది, అక్కడ పరిశోధన మీద పెట్టే డబ్బు చాలా తక్కువ. జీతాలు పడిపోయిన చోటునించి మగవాళ్ళు తప్పుకుంటారు, ఆడవాళ్ళు మిగులుతారు. మన దేశంలో డీఎస్టీ లెక్కల ప్రకారం 2018లో పరిశోధకుల్లో స్త్రీలు 16.6 శాతం. అది యూనివర్సిటీలూ ప్రభుత్వ ల్యాబులూ అన్నీ కలిపి.

ఈ లెక్కల వెనక ఇంకో లెక్కుంది. ఎవరిని పరిశోధకులు అనాలి అన్నది. ప్రపంచమంతా దీనికి వాడే పుస్తకం 1963లో ఇటలీలో ఫ్రాస్కాటి అనే వూళ్ళో తయారయింది, దాని పేరే ఫ్రాస్కాటి మాన్యువల్. దాని ప్రకారం ప్రయోగం కోసం నడిపే పైలట్ ప్లాంట్ పరిశోధనే. రోజువారీ పరీక్షలు మాత్రం పరిశోధన కాదు. చదివితే న్యాయంగానే వుంటుంది. కానీ మా కింది అంతస్తులో క్వాలిటీ కంట్రోల్‌లో వున్న ఆ ఎనిమిది మంది? మా ప్రాసెస్‌లో వచ్చే కొత్త మలినాన్ని పట్టుకునే పద్ధతి వాళ్ళే కనిపెట్టేవాళ్ళు, పొద్దుటి రొటీన్ శాంపిళ్ళు పూర్తిచేశాక, మధ్యాహ్నం దొరికిన రెండు గంటల్లో. ఏ రిటర్నులోనూ వాళ్ళు పరిశోధకులు కారు. ప్లాంటుకి వెళ్ళినవాళ్ళు లెక్కలోకి వస్తారు. వెళ్ళనివ్వని చోట, వెళ్ళనవసరం లేని పనుల్లోకి ఆడవాళ్ళని సర్దుతారు. ఆ పనులు లెక్కలోకి రావు.

2000 డిసెంబరులో మద్రాస్ హైకోర్టు 66వ సెక్షన్‌లోని ఆ రాత్రి నిబంధన రాజ్యాంగ విరుద్ధమంది. తర్వాత మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కూడా అదే అంది. నేను ల్యాబులో మిఠాయి పంచాను. ఆ డబ్బా పట్టుకుని ప్యాకింగ్ సెక్షన్‌కి వెళ్తే అక్కడ పనిచేసే ఒకామె తీసుకోలేదు. "మీకు ప్లాంట్ల నిలబడాలని వుంటదేమో గానీ మేడమ్, మాకైతే ఏడు కొట్టంగనే ఇంటికి పోవాలె. రేపట్నించి నైట్ డ్యూటీ చెయ్యుమంటే ఏమని తప్పించుకుంటం? ఇన్నొద్దులు కానూనుందని అంటిమి. రాత్రి పూట మమ్ముల బస్తీల ఎవరు దింపుతరు, మీరు దింపుతరా?"

నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడూ పూర్తిగా లేదు. నాకు గోడ అయినది ఆమెకి చూరు. కంపెనీ కారులో ఇంటికి చేరే నేనూ, షేర్ ఆటో కోసం రోడ్డు మీద నిలబడే ఆమె ఒకే సెక్షన్ కింద స్త్రీలం. అదేదో మనందరి విజయమన్నట్టు మిఠాయి పంచడం తప్పు. అడగవలసింది రవాణా, శిశుగృహం, రాత్రి డ్యూటీ వద్దనే హక్కు. మేం ఆర్ అండ్ డి వాళ్ళం అవేవీ అడగలేదు.

చట్టం పోయాక కారణం మారింది. ప్లాంటులో లేడీస్ చేంజ్ రూం లేదన్నారు. నిజంగానే లేదు. అయినా 2002లో, ముప్ఫై ఆరేళ్ళ వయసులో, స్టోర్స్ గదిలో తలుపు గడియ వేసుకుని ప్లాంట్ యూనిఫాం మార్చుకుని మొదటిసారి రాత్రంతా నా బ్యాచ్ పక్కన నిలబడ్డాను. ఆ రాత్రి నాకు ప్రతి నిమిషం గుర్తుంది. ఆజిటేటర్ల చప్పుడు పగలు వేరు, రాత్రి వేరు. ఒంటరిగా వున్నప్పుడు అది శ్వాసలా వినిపిస్తుంది. పాత ఆపరేటరు ఒకాయన రియాక్టర్ మీదున్న సైట్ గ్లాసుని గుడ్డతో తుడిచి, "రండి మేడమ్, మబ్బేస్తుంది చూడండి" అన్నాడు. టార్చి వెలుగులో తేటగా వున్న ద్రవం మధ్యలో చిన్న మెరుపు. ఒకటి, పది, ఇంక లెక్కలేదు. పన్నెండేళ్ళుగా ఫోన్లో కళ్ళు మూసుకుని వూహించుకున్నది అదీ. ఆయన మూడింటికి స్టీలు గ్లాసులో టీ తెచ్చిచ్చాడు. "ఇన్నేళ్ళూ ఎందుకు రాలేదు మేడమ్? మీరు రాసిచ్చిన కాగితాల్లో సగం మాకు అర్థమయ్యేవి కావు" అన్నాడు. ఆ మాటకి కూడా నేనింకా జవాబు చెప్పాలి.

పొద్దున్న ఇంటికెళ్తే మా అత్తయ్య అడిగింది, "రాత్రంతా ఏం చేశావమ్మా అక్కడ?"

"చూస్తూ కూర్చున్నానత్తయ్యా."

"చూడ్డానికి కూడా జీతమిస్తారా?" అంది, నా బాక్సు సర్దుతూ.

2020లో పార్లమెంటు చేసిన కొత్త కార్మిక కోడ్ 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. స్త్రీ సమ్మతి వుంటే సాయంత్రం ఏడు తర్వాతా, పొద్దున్న ఆరుకి ముందూ పనిచేయించుకోవచ్చు, రక్షణ ఏర్పాట్లతో. సమ్మతి అనే మాట దగ్గర నేను ఆగిపోయాను. ఇంతసేపూ ఇతరుల తప్పులు చెప్పాను, నాది చెప్పలేదు.

2012లో నేను గ్రూప్ లీడర్ని. నా దగ్గర పనిచేసే అమ్మాయి ఒక ప్రాసెస్‌ని అద్భుతంగా తీర్చిదిద్దింది. ప్లాంట్ ట్రయల్ నాటికి ఆమెకి అయిదో నెల. అందులో వాడే సాల్వెంటు గర్భిణులకి మంచిది కాదు. నేను ట్రయల్ లిస్టులో ఆమె పేరు కొట్టేసి, ఒక అబ్బాయి పేరు రాశాను. ఆమె లంచ్‌కి వెళ్ళి వచ్చేసరికి లిస్టు నోటీసు బోర్డు మీద వుంది. "నన్నడక్కుండా మార్చేశారేంటి మేడమ్?" అంది. "నీ మంచికే కదా" అన్నాను.

నాకు తెలియని విషయం కాదు. 1978లో అమెరికాలో వెస్ట్ వర్జీనియాలో అమెరికన్ సైనమిడ్ కంపెనీ, పిల్లల్ని కనగలిగే వయసున్న ఆడవాళ్ళు సీసం వాడే రంగుల విభాగంలో పనిచెయ్యడానికి వీల్లేదంది. అయిదుగురు స్త్రీలు వుద్యోగం పోకుండా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించుకున్నారు. అలాంటి ఇంకో కేసులో, జాన్సన్ కంట్రోల్స్ అనే బ్యాటరీల కంపెనీ మీద, 1991లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది: బిడ్డ గురించి నిర్ణయం తల్లిదండ్రులది, యజమానిది కాదని. సీసం మగవాళ్ళ బీజానికి కూడా చేటేనని ఆ కేసులో ఆధారాలున్నాయి, మగవాళ్ళని మాత్రం ఎవరూ ఆపలేదు. ఇదంతా నేను ఎన్ని మీటింగుల్లో చెప్పానో! నా లిస్టు దగ్గరికొచ్చేసరికి గుర్తు రాలేదు. ఆమెని కూచోబెట్టి, ఇదీ ప్రమాదం, గది బయట కంట్రోల్ ప్యానెల్ దగ్గర వుండి నడపగలవా, లేకపోతే రెండు నెలలు ఆపుదామా అని అడగొచ్చు. ఆ సాల్వెంటు మార్చలేమా అని అందరం ఆలోచించి వుండొచ్చు. దాన్ని పీల్చిన అబ్బాయికి ఆ ఏడాదే పెళ్ళయింది. అతని గురించి నాకు ఆ ఆలోచనే రాలేదు.

రిపోర్టులో ఎవరి పేరు ముందు రాయాలన్నప్పుడు ప్లాంటులో ఎవరున్నారని పైవాళ్ళు అడిగారు. నేను ఆ అబ్బాయి పేరు ముందు రాసి సంతకం పెట్టాను. అప్పట్లో ప్రసూతి సెలవు పన్నెండు వారాలే. 26 వారాలయింది 2017లో. ఆమె సెలవు నుంచి వచ్చిన నాలుగు నెలలకి రెగ్యులేటరీ డిపార్ట్‌మెంటుకి మార్పించుకుంది. కాగితాల పని, తొమ్మిది నుంచి ఆరు. ఆ ఫ్లోరంతా ఆడవాళ్ళే. ఫ్రాస్కాటి లెక్కల్లో ఆమె ఇంక పరిశోధకురాలు కాదు.

నేను రిటైరయ్యాక ఒకరోజు ఆమె ఏదో డాక్యుమెంటు సందేహంతో ఫోన్ చేసింది. పని మాట అయ్యాక నేనే ఆ సంగతి ఎత్తాను. అప్పుడు తప్పు చేశానమ్మా అన్నాను. ఆమె కాసేపు మాట్లాడలేదు.

"మీరు అడిగుంటే నేనేమనేదాన్నో నాకూ తెలీదు మేడమ్. ఇంట్లో మావాళ్ళు వద్దనేవాళ్ళేమో, నేనే వద్దనుకునేదాన్నేమో" అంది. "కానీ మీరు అడగలేదు కదా."

లేదు, అడగలేదు అన్నాను. తర్వాత వాళ్ళమ్మాయి గురించి మాట్లాడుకున్నాం. ఎనిమిదో తరగతి అట. సైన్స్ బాగానే చేస్తుంది గానీ లెక్కలంటే విసుగట.